రెండువేల రెండువందల ముప్ఫయి ఎనిమిదవ పంక్తి



చాలా రోజుల తరువాత మళ్ళీ ఒక టపా వ్రాస్తున్నాను. పద్యం గురించో ప్రబంధం గురించో అనుకుని వచ్చినవారు మన్నించాలి. ఈసారి విషయం సి భాష. ముప్ఫయి నాలుగేళ్ళు బడిలో తెలుగు పండితుడిగా పనిచేసి, 2018 జనవరిలో పదవీ విరమణ చేసినవాణ్ణి. యమాతారాజభానసలగం వల్లె వేయించిన నోటితో పాయింటర్లు, స్ట్రక్చర్లు అంటూ తిరుగుతుంటే మా ఇంటావిడ నవ్వుతోంది. మీరూ నవ్వుకోవచ్చు.

దీనికంతటికీ మూలం ఒక అక్షరం. నేను విశ్రాంతి పొందిన మరుసటి నెలలోనే, అంటే 2018 ఫిబ్రవరిలో, ఒక వింత వార్త వచ్చింది. తెలుగు 'జ్ఞా' అక్షరాన్ని, నడుమ కంటికి కనబడని ఒక సంకేతంతో సహా, సందేశంగా పంపితే ఐఫోన్లు కుప్పకూలిపోతున్నాయట. ఫోను తెరిచి చూడగానే ఆ సందేశం ఉన్న ఆప్ మూతపడిపోతుందట. అదే నెల 19వ తేదీన మరమ్మతు చేసిన కూర్పును విడుదల చేశారు. లోకమంతా దాన్ని ఒక తమాషాగా చెప్పుకుంది. నాకు మాత్రం తమాషాగా తోచలేదు. జకారానికి ఞకారవొత్తు ఇచ్చి దీర్ఘం పెట్టడం ముప్ఫయి నాలుగేళ్ళు నల్లబల్ల మీద నేను చేసిన పని. జ్ఞానమనే మాటకు మొదటి అక్షరమది. అది యంత్రం కడుపులోకి వెళ్ళి ఏమైందో, ఎక్కడ అడ్డం పడిందో తెలుసుకోకుండా ఎలా ఊరుకోవడం?

ఆ ఫోను లోపలి వ్రాతలో ఆ భాగం మనబోటి వాళ్ళకు దొరికేది కాదని తెలిసింది. అయితే యంత్రం అక్షరాన్ని ఎలా చూస్తుందో తెలియాలంటే ముందు సి నేర్చుకోమని ఒక కుర్రవాడు సలహా ఇచ్చాడు. సరేనని కెర్నిగన్, రిచీ కలిసి వ్రాసిన పుస్తకం సంపాదించాను. 1978లో మొదటిసారి అచ్చయిన పుస్తకం అది. రిచీ అంటే సి భాషను రూపొందించిన డెన్నిస్ రిచీయే. ఆ భాషకు సూత్రకారుడే వృత్తి కూడా వ్రాసిపెట్టాడన్నమాట.

నేను స్వంతంగా వ్రాసిన మొదటి ప్రోగ్రాము 'తెలుగు' అనే మాట పొడవు కొలవడం. తె, లు, గు. మూడక్షరాలు, మూడూ లఘువులే, నగణం. ఇందులో సందేహమేముంది? యంత్రం పద్దెనిమిది అంది. తప్పు వ్రాశాననుకుని మళ్ళీ మళ్ళీ కొట్టాను. ప్రతిసారీ పద్దెనిమిదే. రెండు రోజులకు బోధపడింది. యూనికోడులో హల్లుకొక సంకేతం, దాని మీది గుణింతపు గుర్తుకొక సంకేతం. అలా ఆరు సంకేతాలు. ఇప్పుడు వాడుకలో ఉన్న లిపిబద్ధతలో మన సంకేతం ఒక్కొక్కటి మూడేసి బైట్లు తీసుకుంటుంది. ఆరుమూళ్ళు పద్దెనిమిది. సి భాషలోని ఆ కొలబద్దకు అక్షరమంటే ఏమిటో తెలియదు, బైట్లు లెక్కపెట్టడమే తెలుసు. తెలుగు వ్యాకరణం చదివినవాడికి అక్షరం ఉచ్చారణకు సంబంధించినది, యంత్రానికి అది చోటుకు సంబంధించినది. ఈ తేడా తెలిసిన రోజున నాకు పదో తరగతి ఫలితాలు చూసుకున్న పిల్లవాడికున్నంత సంబరం కలిగింది.

ఆ తరువాత మాత్రం చదువు ముందుకు సాగలేదు. పుస్తకంలోని అభ్యాసాలన్నీ చేశాను. ఉష్ణోగ్రతల పట్టికలు వేశాను, పదాలు లెక్కపెట్టాను. కాని 'రాముడు బడికి వెళ్ళెను' వంటి వాక్యాలు ఎన్ని వ్రాసినా భాష రాదని తెలుగు మాస్టారుకు ఒకరు చెప్పాలా? మేము చదువుకున్న పద్ధతి వేరు. రఘువంశం ముందు పెట్టుకుని, పక్కన కొలచల మల్లినాథసూరి సంజీవనీ వ్యాఖ్య పెట్టుకుని, శ్లోకానికి అన్వయం, పదానికి వ్యుత్పత్తి చూసుకుంటూ పోయేవాళ్ళం. భాష కావ్యంలో ఉంటుంది, వ్యాఖ్యాత చేయిపట్టుకుని నడిపిస్తాడు. సి భాషలో కావ్యమేది? దానికి మల్లినాథుడెవరు?

రెండూ దొరికాయి. యూనిక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1975 నాటి ఆరవ కూర్పు కావ్యం. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన జాన్ లయన్స్ దాని మల్లినాథుడు. ఆయన తన విద్యార్థుల కోసం, ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ వంటి కెర్నెల్ వ్రాతను పంక్తుల సంఖ్యలు వేసి ఒక పుస్తకంగా, దాని మీద వ్యాఖ్యను మరో పుస్తకంగా 1976, 77 సంవత్సరాలలో కూర్చాడు. మూలం మొత్తం సుమారు తొమ్మిదివేల పంక్తులు. మనిషి ఒక్కడు ఒక్క సంవత్సరంలో ఆమూలాగ్రం చదివి తలలో పెట్టుకోగలిగినంత. 1979లో ఏడవ కూర్పు వచ్చేసరికి మూలాన్ని తరగతిలో పాఠంగా చెప్పకూడదనే నిబంధన లైసెన్సులో చేరింది. అప్పటినుంచి లయన్స్ వ్యాఖ్య జెరాక్సు ప్రతులుగా, ప్రతికి ప్రతిగా చేతులు మారుతూ బ్రతికింది. చివరకు 1996లో సక్రమంగా అచ్చయింది. 2002లో కాల్డెరా సంస్థ ఆ పాత మూలాన్ని ఎవరైనా వాడుకోవచ్చునని అనుమతి ఇచ్చింది. తాళపత్రాల కథలు విని పెరిగినవాణ్ణి కనుక నాకీ చరిత్ర ఎక్కడో తెలిసినట్టే అనిపించింది.

వ్యాఖ్య పుస్తకాన్ని మా అల్లుడు తెచ్చిపెట్టాడు. మూలాన్ని నేనే డాబాగార్డెన్స్‌లో కాగితాల మీదికి ఎక్కించి, స్పైరల్ బైండింగు చేయించుకున్నాను.

ఇక చదివే చోటు. మా ఇల్లు పూర్ణా మార్కెట్ వెనుక సందులో. విశాఖపట్నం ఎంత పెరిగినా, ఉక్కు కర్మాగారం దాకా, దాన్ని దాటి ఎంత విస్తరించినా, మాకు ఊరంటే ఇదే. తెల్లవారుజామున కూరగాయల బండ్లు దిగేటప్పుడు ఆ దారిన మనిషి నడవలేడు. మధ్యాహ్నం రెండు దాటితే మాత్రం మార్కెట్ కాస్త కునుకు తీస్తుంది. ఆ వేళ నేను వెళ్ళి కూర్చునేది ఒక ఉల్లిపాయల కొట్టు ముందు బల్ల మీద. కొట్టు నా పాత విద్యార్థిది. పదవ తరగతి తరువాత చదువు మాని తండ్రి కొట్టు చూసుకుంటున్నాడు. నలభయ్యారేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అయినా నన్ను చూస్తే లేచి నిలబడతాడు.

"ఏటి మేస్టారూ, మళ్ళీ ఆ బొత్తేనా?" అని నవ్వుతాడు.

"అదేరా నాయనా. నువ్వు నీ పని చూసుకో."

ఆ బల్ల మీద నేను పొందిన ఆనందాలు కొన్ని చెప్పాలి. ఆ పాత సి భాష మనమిప్పుడు వాడే సి కాదు. ఒక రాశికి కొంత కలిపి అందులోనే నిలపడానికి ఇప్పుడు కూడిక గుర్తు ముందు, సమాన గుర్తు తరువాత వ్రాస్తారు. ఆ మూలంలో అది తలక్రిందులుగా, సమాన గుర్తు ముందుగా ఉంటుంది. మొదట అచ్చుతప్పనుకున్నాను. కాదు, అది ఆ కాలపు ప్రయోగం. అలా వ్రాస్తే, ఒక రాశికి మైనస్ ఒకటి ఇమ్మన్నామా, ఒకటి తీసివేయమన్నామా అన్న సందిగ్ధం వస్తుంది కనుక తరువాత మార్చుకున్నారు. నన్నయ నాటి రూపాలు చూసి లేఖకదోషమనుకునే కుర్రపండితుడి పొరపాటే నేనూ చేశాను. అలాగే ఫైలును సృష్టించే ఆజ్ఞ పేరు 'క్రియేట్' కాదు. ఇంగ్లీషు వర్ణక్రమంలోని చివరి 'ఈ' అక్షరం అందులో లేదు. యూనిక్సును మళ్ళీ చేయవలసి వస్తే ఏం మారుస్తారని దాని కర్తలలో ఒకరైన కెన్ థాంప్సన్‌ను అడిగితే, ఆ 'ఈ' కలుపుతానన్నాడట. పనుల మధ్య యంత్రాన్ని మార్చే 'స్విచ్' అనే ఫంక్షన్ పేరులోనూ నడిమి 'ఐ' లేదు. అచ్చుతప్పు కాదు, అచ్చులోపం! ఇటువంటి హాస్యం పంచుకోవడానికి మార్కెట్లో నాకెవరూ దొరకలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలైనట్టే ఈ మూలమూ సంజ్ఞలతోనే మొదలవుతుంది. ఒకేసారి యంత్రంలో ఉండగల పనులు యాభై అని మొదట్లోనే ఒక పేరు పెట్టి చెబుతారు. ఆ తరువాత ఎక్కడా యాభై అనరు, ఆ పేరే వాడతారు. సంజ్ఞ తెలియనివాడికి సూత్రం తెరుచుకోదు. ఈ దారి నాకు తెలిసిన దారే కనుక నెలకు ఆరేడువందల పంక్తుల చొప్పున నడిచాను.

అలా నడుస్తూ 2238వ పంక్తి దగ్గర ఆగిపోయాను.

అది పైన చెప్పిన 'స్విచ్' ఫంక్షన్‌లోనిది. నడుస్తున్న పనిని ఆపి, మరొక పనిని ఎన్నుకుని, యంత్రాన్ని దానికి అప్పగించడం ఆ ఫంక్షన్ పని. మధ్యలో కర్తలు ఒక చిన్న వ్యాఖ్య పెట్టారు. ఏదో వివరించబోయి, ఆ చివర ఒక్క వాక్యంలో, మీకిది అర్థమవుతుందని మేము అనుకోవడం లేదన్న భావంతో ముగించారు. కంప్యూటరు లోకంలో చాలా ప్రసిద్ధమైన వాక్యమట. నాకా ప్రసిద్ధి తెలియదు. ఎవరో నా చేతిలోని పుస్తకం మూసేసినట్టయింది.

అక్కడి చిక్కు ఇది. ఫంక్షన్ అంటే పిలిచినవాడి దగ్గరికే తిరిగి వెళ్ళాలి. ఉత్తరం తెచ్చినవాడు జవాబు పంపినవాడికే ఇచ్చినట్టు. కాని ఈ ఫంక్షన్ ఒకరు పిలిస్తే మరొకరి దగ్గరికి తిరిగి వెళుతుంది. కొత్త పనిని పుట్టించే ఫంక్షన్ ఒకటుంది, దాన్ని ఒక్కసారి పిలిస్తే రెండుసార్లు తిరిగివస్తుంది. తల్లి పనికి సున్న చేతిలో పెట్టి ఒకసారి, పిల్ల పనికి ఒకటి చేతిలో పెట్టి ఇంకోసారి. ఆ 'ఒకటి' ఎక్కడినుంచి వస్తుందని వెతికితే, ఈ స్విచ్ ఫంక్షన్ చివరి పంక్తిలో ఉంది! లయన్స్ వ్యాఖ్య చదివాను. పదం పదం తెలిసింది, అన్వయం కుదరలేదు. మూడు వారాలు అదే పుట.

ఒక మధ్యాహ్నం నా ముఖం చూసి కొట్టువాడు ఏమిటని అడిగాడు. విసుగుతోనే చెప్పాను. పనులు అనేకం, పనిచేసే యంత్రం ఒక్కటి, చోటు చాలకపోతే కొన్ని పనులను మూటకట్టి వెలుపలి డిస్కు మీదికి పంపిస్తారు, తిరిగి తెచ్చినప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మొదలుపెట్టాలి, అని.

వాడు కాసేపు ఆలోచించి, "మా గోదామే కదా మేస్టారూ" అన్నాడు.

వివరంగా చెప్పాడు. నాలుగు కొట్లకు కలిపి ఒక్క కాటా, ఒక్క కళాసీ. ఒక కొట్టు తూకం మధ్యలో ఆపి ఇంకో కొట్టుకు వెళ్ళవలసి వస్తే, ఎన్ని బస్తాలయ్యాయో చీటీ వ్రాసి ఆ కొట్టు గల్లాపెట్టె మీద పెడతాడు. మళ్ళీ వచ్చి ఆ చీటీ చూసి మొదలుపెడతాడు. అది మామూలు. కాని కొట్లో చోటు లేక సరుకు గోదాముకు పంపినప్పుడు పద్ధతి వేరు. అప్పుడు ఇంకో చీటీ వ్రాసి బస్తా లోపలే పెట్టి, బస్తా మీద సుద్దతో గీత గీస్తారు. తిరిగి వచ్చిన బస్తా మీద గీత ఉంటే గల్లాపెట్టె మీది చీటీ కాదు, లోపలి చీటీ చదవాలి.

"ముందు గీత చెరిపేయాలి మేస్టారూ. లేపోతే రేపింకెవడో అదే గీత చూసి పాత చీటీ సదివేత్తాడు."

నేను పుస్తకం తీశాను. గుర్తు ఉన్నదా అని చూడు. ఉంటే, గుర్తు చెరిపివేయి. ఆపై రెండవ చీటీలోని చోటికి వెళ్ళు. మూడే మూడు పంక్తులు, వాడు చెప్పిన వరుసలోనే ఉన్నాయి. చీటీ మారింది కనుక కళాసీ తిరిగి వెళ్ళేది తనను పిలిచినవాడి దగ్గరికి కాదు, చీటీ వ్రాసి పెట్టినవాడి దగ్గరికి. అంతే. కూర్చున్న బల్ల మీదే కళ్ళు చెమర్చాయి. ఉల్లిపాయల కొట్టు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ వాక్యం చరిత్ర వెతికాను. చాలా ఏళ్ళ తరువాత డెన్నిస్ రిచీయే దాని గురించి వ్రాశాడు. అది పాఠకుడికి విసిరిన సవాలు కాదట, ఇది పరీక్షకు రాదులే అన్న ధోరణిలో వ్రాసిందట. అసలు సంగతి ఏమంటే, అక్కడ జరుగుతున్నది తమకూ అర్థం కాలేదట! ఆ పద్ధతి పీడీపీ-11 యంత్రం మీద, దాని కంపైలరు స్వభావం వల్ల నడిచిపోయింది. యూనిక్సును ఇంటర్‌డేటా అనే మరో యంత్రానికి తరలించబోయినప్పుడు ఆ పునాది సరికాదని బయటపడింది. ఏడవ కూర్పులో ఆ భాగాన్ని తానూ థాంప్సనూ తిరిగి వ్రాశారట.

ఇది పరీక్షకు రాదు. ఆ మాట దగ్గర నేను చదవడం ఆపేశాను.

1994. పదవ తరగతి. గసడదవాదేశ సంధి చెబుతున్నాను. కూర, కాయ కలిసి కూరగాయ అయిందని ఉదాహరణ చెప్పాను. పూర్ణా మార్కెట్లో ప్రతి బోర్డు మీదా ఉండే మాట. వెనుక బల్లనుంచి ఒక కుర్రవాడు లేచాడు. "మాస్టారూ, నిన్న సరళాదేశంలో పకారం బకారమవుతుందన్నారు. ఇవాళ పకారం వకారమవుతుందంటున్నారు. కకారం మాత్రం రెండు చోట్లా గకారమే. ఎందుకని?" అని అడిగాడు.

నా జీవితంలో విద్యార్థి ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. నాకు సమాధానం తెలియదు. తెలియదని అనలేదు. "అది నీకు అర్థం కాదు. పరీక్షలో అడగరు. కూర్చో" అన్నాను. తరగతి నవ్వింది. వాడు కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్ళీ ఏమీ అడగలేదు.

వాడే ఈ ఉల్లిపాయల కొట్టువాడు. చదువు మానడానికి కారణం తండ్రి అనారోగ్యం, నేను కాదు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కాని ప్రశ్న అడగడం మాన్పించినవాణ్ణి నేనే.

సమాధానం నాకు విశ్రాంతి తరువాతే తోచింది. ద్రావిడ భాషల మీద భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో వెలువరించిన గ్రంథం చదువుతూ ఉండగా తోచింది. అయినా వెళ్ళి వాడికి చెప్పాలనిపించలేదు. ఎన్నడో మరిచిపోయి ఉంటాడులే అనుకున్నాను. బెల్ ల్యాబ్స్ మహానుభావుడు మాకూ తెలియలేదని అచ్చులో ఒప్పుకోగా లేనిది, ఒక బడిపంతులుకు బిడియమెందుకు?

మరునాడు రెండు గంటలకు వెళ్ళి, పుస్తకం తెరవకుండా కూర్చున్నాను.

"నాయనా, పదో తరగతిలో నువ్వొక ప్రశ్న అడిగావు. జ్ఞాపకం ఉందా?"

వాడు త్రాసు తుడుస్తున్నవాడు ఆగాడు. "పకారం సంగతా మేస్టారూ?" అన్నాడు.

మరిచిపోలేదు. ముప్ఫయి ఏళ్ళు.

చెప్పాను. "ద్రుతం అంటే నకారం. అది ముందున్నప్పుడు నోటిలో గాలి ఒకసారి మూసుకునే ఉంటుంది. తరువాత వచ్చే పకారానికి పెదవులు పూర్తిగా కలుస్తాయి, నాదం మాత్రం చేరుతుంది. అందుకని బకారం. రెండో చోట అటూ అచ్చే, ఇటూ అచ్చే. తెరిచిన నోటికి తెరిచిన నోటికి మధ్య పెదవులు గట్టిగా కలవడానికి బద్ధకిస్తాయి. సడలిన పకారమే వకారం. చకారం ఒకచోట జకారం, మరోచోట సకారం కావడమూ ఇందుకే. కకారం అలా సడలితే వ్రాసుకోవడానికి మనకు వేరే అక్షరం లేదు, అందుకని రెండుచోట్లా గకారమే. నాకు తోచినది ఇది. ఆనాడు నాకిది తెలియదు. తెలియదని చెప్పవలసింది. చెప్పలేదు, పైగా నిన్ను కూర్చోబెట్టాను. తప్పు నాది."

వాడు జవాబు చెప్పలేదు. పెదవులు కలిపి 'ప' అన్నాడు, 'బ' అన్నాడు, 'వ' అన్నాడు. మళ్ళీ ఒకసారి మెల్లగా. పక్క కొట్టువాడు వింతగా చూశాడు. అంతలో బేరం వచ్చింది. రెండు కిలోలు తూచి, డబ్బు గల్లాలో వేసి, తిరిగి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో నా ఎదుట వాడు కూర్చోవడం అదే మొదలు.

"అయితే మేస్టారూ, టకారం, తకారం మరి?" అన్నాడు. "అవి రెండు చోట్లా డకారం, దకారమే కదా. అవెందుకు సడలవు?"

తెలియదురా, అన్నాను. ఈసారి మాట తడబడలేదు.

ఇప్పుడు మూలంలో నాలుగువేల పంక్తులు దాటాను. డిస్కు భాగంలో ఉన్నాను. మధ్యాహ్నాలు బల్ల మీద ఇద్దరం కూర్చుంటున్నాం. వాడి పెద్దబ్బాయి డిప్లొమా చదువుతున్నాడు, సాయంత్రాలు వాడూ వచ్చి చేరుతున్నాడు. టకార తకారాల సంగతి తెలిసినవారు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. కొట్టు దగ్గర వినిపిస్తాను.